ఎనిమిది వాట్లు

ఆంప్లిఫయర్ పట్టుకుపోవడానికి కళ్ళజోళ్ళాయన వచ్చిన రోజున ఆమె అతనికి రెండుసార్లు కాఫీ ఇచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆంప్లిఫయర్ ఇచ్చినందుకు కాదు, కాఫీ ఇచ్చినందుకు. అందులోనూ రెండోసారి అతను అడక్కుండానే ఇచ్చినందుకు.

ఆమె కారు నడపడం నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళందరూ మేడమ్ అని పిలుస్తారు, వీధిలోవాళ్ళకూ అదే అలవాటైపోయింది. భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. పని నుంచి రాగానే స్నానం చేసి, ముందు గదిలో కుర్చీ లాక్కుని, రికార్డు పెట్టుకుని పాటలు వినేవాడు. వినడమంటే పాట పెట్టుకుని పక్కన ఇంకో పని చూసుకోవడం కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసేవాడిలా కూర్చుని వినడం. ఎక్కడో పాత సినిమా హాలు పడగొడుతుంటే చెత్తలో పోతున్న స్పీకర్లు రెండింటిని వ్యానులో వేసుకుని తెచ్చాడు. ఒక్కోటి బీరువాంత ఉంటుంది. పైన బూర మూతి, కింద పళ్ళెమంత కాగితపు శంకువు. వాటి కోసం ఆంప్లిఫయర్ తనే చేసుకున్నాడు. అది గాజు ట్యూబులది. స్విచ్ వేస్తే ట్యూబుల్లో తీగలు మెల్లగా ఎర్రబడేవి. కాసేపు ఆగితే గానీ పాట వచ్చేది కాదు.

కళ్ళజోళ్ళాయన ఆ ఇంటికి పాత స్నేహితుడు. పెద్ద రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు ఉంది, పైన ఇల్లు. ప్రతి ఆదివారం ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని పాటలకి వచ్చేవాడు. ఆమెను చెల్లెమ్మా అనేవాడు. ఆమె భర్త లిఫ్టు గదిలో పనిచేస్తూ గుండె ఆగి పడిపోయిన రోజున ఆస్పత్రికి పరిగెత్తింది అతనే. సంతకాలూ బండ్లూ కబుర్లూ అన్నీ అతనే చూసుకున్నాడు. అంత చేసిన మనిషి తర్వాత కొన్నాళ్ళకు వచ్చి సోఫా అంచున కూర్చుంటే, ఆమె ఎందుకు అనుమానిస్తుంది?

"చెల్లెమ్మా, ఒక మాట చెప్పనా? ఆ ఆంప్లిఫయర్ ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదు" అన్నాడు.

"ఏం అన్నయ్యా?"

"లోపల వందల వోల్టులు తిరుగుతుంటాయి. స్విచ్ తీసేశాక కూడా కాసేపు ఉంటాయి. పొరపాటున చెయ్యి పెట్టావనుకో, ఇంక అంతే. వాడు ఉన్నాడు కాబట్టి సరిపోయింది."

"నేను ముట్టుకోనుగా. పాట మాత్రం పెట్టుకుంటా."

అతను జాలిగా నవ్వాడు. "పెట్టుకున్నా ఏముంది? అది ఎనిమిది వాట్లది. ఇంతేసి స్పీకర్లకి ఎనిమిది వాట్లు ఏ మూలకి? వాడేదో సరదాపడి చేసుకున్నాడు గానీ, ఆ రెండూ ఒకదానికొకటి సరిపడవు. నువ్వు డ్రైవింగ్ నేర్పేదానివి, నువ్వే చెప్పు. స్కూటర్ ఇంజన్‌తో లారీ నడుస్తుందా?"

"నడవదు."

"అంతే మరి."

అప్పుడే ఆమె లేచి వెళ్ళి రెండో కాఫీ తెచ్చింది. అతను తాగి, కప్పు తనే వంటగదిలో పెట్టి, ఆంప్లిఫయర్‌ను దుప్పటిలో చుట్టుకుని మెట్లు దిగాడు. బరువుకి మెడ నరాలు పొంగాయి. ఆమె కారు తలుపు తీసి పట్టుకుంది కూడా.

*

కొన్ని నెలలు ఆ గది తలుపు మూసే ఉంది. ఒక సాయంత్రం ఆఖరి క్లాసు అయిపోయాక ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ తలుపు తీసింది. పాట కావాలనిపించింది. ఫోన్‌లో వచ్చే పాట కాదు, గోడ కదిలేలా, పాడేవాళ్ళు గదిలోకి వచ్చి నిలబడ్డట్టుండే పాట. కళ్ళజోళ్ళాయనకే ఫోన్ చేసింది.

"ఆ స్పీకర్లకి మంచి ఆంప్లిఫయర్ ఏదన్నా చెప్పండి అన్నయ్యా."

"వంద వాట్లకి తక్కువ చూడకు" అన్నాడు ఠక్కున. ఆగి, గొంతు తగ్గించి, "అయినా అవెందుకమ్మా నీకు? సగం గది అవే మింగేశాయి. నేను మనుషుల్ని పంపిస్తా, తీసేద్దాం. ముద్దుగా, అల్మరాలో పట్టేవి ఇప్పిస్తా" అన్నాడు.

"లేదులెండి. ఉండనివ్వండి."

ఊళ్ళో పాటల సామాను అమ్మే దుకాణం ఒకటి ఉంది. నడిపేది ఒకావిడ. జుట్టులో పెన్సిలు గుచ్చుకుని, ఎవరు లోపలికి వచ్చినా నా పనికి అడ్డొచ్చావన్నట్టు చూస్తుంది. నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యమని ఇస్తుంది. మేడమ్ వంద వాట్లది కావాలంది. ఆవిడ ఇంకేమీ అడగకుండా కొత్త రకంది, నల్లటి పెట్టె, చేతిలో పెట్టింది.

ఇంట్లో పెట్టి చూస్తే గుండ్రటి మీట గోరంత తిప్పగానే పాట మీద పడి కొట్టింది. ఇంకొంచెం తగ్గిస్తే ఒక స్పీకరు మూగబోయేది, రెండోదే మాట్లాడేది. యాక్సిలరేటర్ మీద బొటనవేలు ఆనించగానే గోడకి పోయి గుద్దే కారులా ఉంది. పాట లేనప్పుడు బూరల్లోంచి ఆగకుండా సుయ్యిమని రొద. పాట ఉన్నా ఆ రొద వెనకాల కూర్చునే ఉంది.

దాన్ని తిరిగి ఇచ్చేసింది. "ట్యూబులది ఇవ్వండి" అంది.

దుకాణం ఆవిడ ట్యూబులదే ఇచ్చింది. పెద్దది, వరసగా లావుపాటి ట్యూబులు, అరవై వాట్లు. దీని గొంతు మెత్తగా ఉంది గానీ రొద అదే, మీట సంగతీ అదే. పైగా కింది స్వరాలు ఉబ్బిపోయి, పాడేవాళ్ళ నోట్లో దూది కుక్కినట్టుంది. రెండు పాటలు విని కట్టేసింది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. స్పీకర్ల మీదే అనుకుని, ఒకదాన్ని కాలితో తన్నింది. బొటనవేలు వాచింది.

కుంటుకుంటూ మూడోసారి దుకాణానికి వెళ్ళేసరికి దుకాణం ఆవిడకీ చిరాకెత్తింది.

"అసలు మీ స్పీకర్లేంటండీ?"

మేడమ్ ఫోన్‌లో ఫొటో చూపించింది. ఆవిడ పెన్సిలు జుట్టులోంచి తీసి, ఫొటోని పెద్దది చేసి, తల పట్టుకుంది.

"ఇది ముందు చూపించొచ్చుగా! ఇవి సినిమా హాలువి. బూరవి. వీటికి ఒక్క వాటు ఇస్తే ఇల్లంతా నిండుతుంది. అప్పట్లో హాలు మొత్తానికీ కలిపి పది పదిహేను వాట్లు వాడేవాళ్ళు. అంత గట్టి ఆంప్లిఫయర్లు దొరికేవి కాదు కాబట్టి, చిటికెడు కరెంటుకే కేకలేసేలా స్పీకర్లు చేసేవాళ్ళు. వీటికి మీరు వంద వాట్లు కడితే లోపలున్న చిన్న రొద కూడా పెద్ద గొంతుతో వినిపిస్తుంది. పెద్ద స్పీకరుకి పెద్ద ఆంప్లిఫయరని ఎవరు చెప్పారు మీకు? చాలావరకు తిరకాసు చిన్న స్పీకర్లతోనే. అవి మొండివి, ఎంత పోసినా తాగుతాయి."

"మరి... ఎనిమిది వాట్లయితే?"

"ఎనిమిదైతే రాజాలా ఉంటుంది. ఇంతకుముందు దేనితో మోగేవి ఇవి?"

"ఎనిమిది వాట్లదే. మా ఆయన చేసింది."

"అదేమైంది?"

"సరిపోదంటే ఇచ్చేశాను."

"ఎవరికి?"

మేడమ్ చెప్పింది. దుకాణం ఆవిడ చేతిలో ఉన్న తీగ చుట్టని బల్ల మీద పెట్టింది.

"ఆయనకి తెలియక అన్నాడనుకుంటున్నారా? ఆ మధ్య వచ్చి ఇక్కడే, మీరు నిలబడ్డచోటే నిలబడ్డాడు. నా దగ్గర చిన్న ట్యూబు ఆంప్లిఫయర్ ఉంది, నా స్పీకర్లకి ఆనట్లేదు, బూర స్పీకర్లు ఎక్కడైనా దొరుకుతాయా అని గంటసేపు నా బుర్ర తిన్నాడు. మళ్ళీ ఫోన్ చేసి, అక్కర్లేదు, నాకు ఒక ఇంట్లో చూసిపెట్టుకున్నవి ఉన్నాయి, నెమ్మదిగా వస్తాయన్నాడు."

నెమ్మదిగా వస్తాయి. మేడమ్ ఆ మాటని లోపల రెండుసార్లు అనుకుంది. అల్మరాలో పట్టేవి, ముద్దుగా ఉండేవి, మనుషుల్ని పంపిస్తా. తను వాచిన వేలితో, స్పీకర్లని తిట్టుకుంటూ, ఇంకో నెల ఆగి ఉంటే తనే ఫోన్ చేసి పట్టుకుపొమ్మనేది. కారు తలుపు మళ్ళీ తనే తీసి పట్టుకునేది.

*

ఆ మధ్యాహ్నం ఒక లాయరుగారికి క్లాసు ఉంది. భారీ మనిషి, భయస్తుడు. సిగ్నల్ దగ్గర కారు మూడోసారి ఆగిపోయింది. మామూలుగా అయితే "ఏం పర్లేదు, నెమ్మదిగా" అనే మనిషి, "స్కూటర్ ఇంజన్ అనుకుంటున్నారా? లారీ అనుకుంటున్నారా? ఏమనుకుంటున్నారు మీరు?" అని అరిచింది.

లాయరుగారు స్టీరింగ్ వదిలేసి చేతులు పైకెత్తాడు. "మేడమ్, ఈ కోపం నా క్లచ్ మీదేనా? ఇంకెవరిదైనా కేసు నా మీద పెడుతున్నారా?"

ఆమె క్షమించమని కూడా అనలేదు. ఇటు జరగమని తనే కారు నడిపి ఆయన్ని ఇంటి దగ్గర దింపి, నేరుగా ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది.

ఆడపడుచుది లాండ్రీ షాపు. గొంతు పెద్దది. పసితనంలో ఏడిస్తే పక్కవీధి వాళ్ళు కూడా బయటికి వచ్చేవాళ్ళట, అప్పటి నుంచీ ఇంట్లో సైరన్ అనే పేరే ఖాయమైంది. వదినకీ ఆమెకీ పెద్దగా పొసగదు. అన్న పోయాక రాకపోకలు ఇంకా తగ్గాయి. అయినా ఈ మాట వేరే ఎవరికి చెప్పాలో మేడమ్‌కు తోచలేదు. ఇస్త్రీ బల్లకి అటు నిలబడి మొత్తం చెప్పింది. సైరన్ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఎవరిదో చొక్కా మాడు వాసన వచ్చాక తీసింది.

"వాడు చెబితే నువ్వెలా ఇచ్చావు వదినా?"

"నా కోపం నాకు చాలదా, నువ్వొకదానివి!"

"సరే సరే. ఆదివారం వాళ్ళు ఎక్కడ చేరతారు ఇప్పుడు?"

"వాళ్ళింట్లోనే అనుకుంటా."

"నా వ్యాను తీస్తా" అంది సైరన్. కస్టమర్లందరూ తిరిగి చూశారు.

*

కళ్ళజోళ్ళాయన భార్య తలుపు తీసింది. ఆదివారం మధ్యాహ్నం, లోపల పాట వస్తోంది. "రామ్మా, రా. ఎన్నాళ్ళకి!" అంది. ఆవిడ ముఖంలో కల్మషం లేదు. అందుకు మేడమ్‌కు ఇంకా కోపం వచ్చింది, ఆవిడ మీద అరవడానికి లేకుండా పోయినందుకు.

హాల్లో కళ్ళజోళ్ళాయన, ఎప్పుడూ అతని వెంట వచ్చే ఇన్సూరెన్సు ఏజెంటు, ఇంకో పొడుగాయన కూర్చుని ఉన్నారు. ఎదురుగా బల్ల మీద తన ఆంప్లిఫయర్. చెక్క చట్రానికి భర్త పూసిన వార్నిషు ఒక మూల కారి గడ్డకట్టిన చోటుతో సహా అదే. ట్యూబులు వెలుగుతున్నాయి. అటూ ఇటూ రెండు చిన్న స్పీకర్లు, నాజూకుగా, ఖరీదైనవే. పాట నెమ్మదిగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. డప్పులు రాగానే మొత్తం నలిగిపోయింది, బరువెత్తేవాడు ఊపిరి బిగబట్టి పాడినట్టు. ఇక్కడ నిజంగానే అది స్కూటర్ ఇంజన్. అతను చెప్పిన ముక్క అతని ఇంట్లో నిజం, మేడమ్ ఇంట్లో అబద్ధం.

తర్వాత నేల చూసింది. గోడకి అటూ ఇటూ, నేల మీద తెల్లటి టేపు నలుచదరంగా అంటించి ఉంది. రెండు గళ్ళు. వాటి కొలత ఆమెకు తెలుసు. తన ముందు గదిలో తివాచీని అదే కొలతలో నొక్కుకుని స్పీకర్లు నిలబడి ఉన్నాయి.

"చెల్లెమ్మా! ఏంటి చెప్పాపెట్టకుండా?" కళ్ళజోళ్ళాయన లేచాడు.

సైరన్ ఎవరినీ పట్టించుకోకుండా బల్ల వెనక్కి వెళ్ళి స్పీకరు తీగల మీద చెయ్యి వేసింది. "లాగెయ్యనా వదినా?"

"ఆగు!" మేడమ్, కళ్ళజోళ్ళాయన ఒకేసారి అరిచారు. ఆంప్లిఫయర్ నడుస్తుండగా స్పీకరు తీగ లాగితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. భర్త తమ ఇంట్లో రోజూ అరిచిన అరుపు అదొక్కటే, గోడవతల ఉన్నా వినపడేది. సైరన్ కూడా బిత్తరపోయి చెయ్యి తీసేసింది.

మేడమ్ వెళ్ళి మీట వెనక్కి తిప్పింది. పాట పోయింది. స్విచ్ తీసింది. ట్యూబుల్లో ఎరుపు సన్నబడుతూ పోయింది.

"తీసుకెళ్ళడానికి వచ్చాం."

"సరే, కూర్చో, మాట్లాడుకుందాం."

"కూర్చుంటా. ఎలాగూ వేడిగా ఉంది కదా. చల్లారేదాకా కూర్చుంటా." ఒక కుర్చీ లాగి ఆంప్లిఫయర్‌కు వీపు పెట్టి, వాళ్ళ ముఖాలు కనపడేలా కూర్చుంది. సైరన్ పక్కనే ద్వారపాలకురాలిలా నిలబడింది.

"ఆ టేపు దేనికండీ?" అడిగింది మేడమ్.

ఇన్సూరెన్సు ఏజెంటుకి నిశ్శబ్దం పడదు. "కొత్త సోఫా వస్తుందేమో" అన్నాడు.

"ఇంత ఇరుకు సోఫా మీద ఎవరు కూర్చుంటారు? నిలువుగా మడిచి పెడతారా మిమ్మల్ని?" అంది సైరన్.

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు చెల్లెమ్మా, నేనేదో దొంగలా..."

"స్కూటర్ ఇంజన్‌తో లారీ నడవదన్నారు."

"అది నీకు అర్థం కావాలని."

"అర్థమైంది. అందుకే ఇచ్చాను. నా పని పట్టుకుని నా నోటితోనే నడవదనిపించారు చూశారా, అది తెలివంటే. అబద్ధం కూడా మీరు చెప్పలేదు, నాతో చెప్పించారు."

అతను కళ్ళజోడు పెట్టుకోలేదు. అది లేకుండా ముఖం వేరే మనిషిదిలా ఉంది. "వాడు ఉంటే ఇది నాకే ఇచ్చేవాడు."

"ఆయన లేడు. నేనున్నాను."

"ఉండి? నీ దగ్గర ఉంటే ఏమవుతుంది? దుమ్ము పడుతుంది. దాంట్లో ఏముందో నీకు తెలుసా? దాని కోసం వాడెన్ని ఆదివారాలు పాడుచేసుకున్నాడో నేను చూశాను. పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నువ్వొక్క ఆదివారం వచ్చి మాతో కూర్చుని విన్నావా?"

అప్పటిదాకా ఆమె గొంతు పెంచలేదు. ఇప్పుడు లేచింది.

"ఎక్కడ కూర్చోమంటారు? గదిలో ఎన్ని కుర్చీలుండేవి? అన్నింట్లోనూ మీరే ఉండేవాళ్ళు. ఇంకో కుర్చీ వెయ్యాలని ఆయనకీ తోచలేదు, మీకూ తోచలేదు. తలుపు వేసుకుని వినేవాళ్ళు. నేను గోడవతల మీ కప్పులు కడుగుతూ విన్నాను. ప్రతి పాటా విన్నాను. ఏ రికార్డు ఎక్కడ గీసుకుపోయిందో అడగండి, చెబుతా. మీరు మాట్లాడుకోవడానికి పాట తగ్గించేవాళ్ళు చూడండి, అక్కడ ఏముండేదో కూడా చెబుతా. దుమ్ము పడుతుందంట! పడితే నా ఇంట్లో పడుతుంది. తుడుచుకుంటా, మానేస్తా. మీకెందుకు?"

పొడుగాయన నేల చూశాడు. కళ్ళజోళ్ళాయన ముఖం ఎర్రబడింది.

"ఆస్పత్రిలో ఎవరు తిరిగారు? ఆ రోజు నీ పక్కన ఎవరున్నారు? అదంతా మర్చిపోయావా?"

ఆ మాట తగలాల్సినచోటే తగిలింది. సైరన్ నోరు తెరవబోతే మేడమ్ చేత్తో ఆపింది.

"మర్చిపోలేదు. మీరే ఉన్నారు. నాకో అన్నయ్య ఉన్నాడనుకున్నా ఆ రోజు. దానికి కూలీగా ఇది కావాలనుంటే నోరు తెరిచి అడగాల్సింది. ఇచ్చేదాన్ని. స్పీకర్లు కూడా ఇచ్చేదాన్నేమో. నన్ను పిచ్చిదాన్ని చేసి..." ఒక అడుగు ముందుకేసింది. "మంచి కూడా మీరు చేసిందే కదా. దాన్ని కూడా పాడుచేశారు కదా! ఇప్పుడు ఆ రోజు తలుచుకుంటే ఏమనుకోవాలి నేను? అప్పుడే మీ కళ్ళు దీని మీద ఉన్నాయా అనుకోవాలా?"

"ఛ! కాదు" అన్నాడు. "అది కాదు."

ఆమె మళ్ళీ కూర్చుంది. వేడెక్కిన ఇనుము చల్లబడుతూ వెనక టిక్కు టిక్కుమంటోంది. ఎవరూ లేచి వెళ్ళలేరు. గోడ మీద గడియారం మాత్రం ఆడుతోంది. కళ్ళజోళ్ళాయన భార్య కాఫీలు తెచ్చి, ఆ ముఖాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. మేడమ్ వద్దని తలూపింది. సైరన్ మాత్రం తీసుకుని, ఊదుకుంటూ మొత్తం తాగి, "మీ కాఫీ బాగుంటుందండీ, మీ ఆయనే" అని ఆపేసింది.

మేడమ్ వెనక్కి తిరిగి ఒక ట్యూబు మీద వేలు ఆనించి చూసింది. వెచ్చగా ఉంది, అంతే. సంచిలోంచి తువ్వాలు తీసింది.

"గాజు పట్టుకుని లాగకు" అన్నాడు కళ్ళజోళ్ళాయన. అతని గొంతు మారిపోయింది. "అడుగున నల్లగా ఉంటుందే, అక్కడ పట్టుకుని అటూ ఇటూ కొంచెం కదిపి తియ్యి."

ఆమె అతని వైపు చూడలేదు. కానీ అడుగునే పట్టుకుంది. కొంచెం కదిపి తీసింది. ఒక్కోటీ తువ్వాలులో చుట్టింది. సైరన్ తీగలు విప్పింది. ఇన్సూరెన్సు ఏజెంటు సాయం పట్టబోతే ఇద్దరూ ఒకే చూపు చూశారు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. వదినా ఆడపడుచూ చెరోవైపు పట్టుకుని, "నీ వైపు దించు", "నువ్వే దించు" అని పోట్లాడుకుంటూ మెట్లు దిగారు.

*

ఇంట్లో బిగించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆంప్లిఫయర్ వెనక ఒక్కో స్పీకరు తీగలకి మూడు జతల మరలున్నాయి: నాలుగు, ఎనిమిది, పదహారు ఓములు అని రాసి. కళ్ళజోళ్ళాయన తన స్పీకర్ల కోసం నాలుగుకి బిగించుకున్నాడు. దుకాణం ఆవిడకి ఫోన్ చేస్తే, స్పీకర్ల వెనక ఏ అంకె ఉందో చూసి దానికే బిగించమంది. సైరన్ టార్చి పట్టుకుని స్పీకరు వెనక దూరి, తుమ్మి, "పదహారు!" అని అరిచింది. మొదటిసారి ఒకవైపే మోగింది. ఆపి, చల్లారాక చూస్తే ఒక ట్యూబు సరిగా దిగలేదు. మళ్ళీ నొక్కి పెట్టి స్విచ్ వేసింది.

రొద లేదు. అసలేమీ లేదు. పాడైపోయిందేమో అనుకునేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఆడగొంతు, పాడబోయే ముందు తీసుకున్న ఊపిరితో సహా, గది మధ్యలోకి వచ్చింది. మీట సగానికి కూడా తిప్పలేదు. కిటికీ అద్దం సన్నగా వణికింది.

సైరన్ నోరు మూసుకుంది. అది చిన్న విషయం కాదు.

మేడమ్ ఏడుస్తుందని సైరన్ అనుకుంది. ఆమె ఏడవలేదు. "ఇంతేనా?" అంది పళ్ళు బిగించి. "ఇంతేనా? నాలుగు మరలు, ఒక అంకె! ఇన్నేళ్ళు పక్కనుండి ఈ ముక్క నాకు చెప్పడానికి ఏమైంది ఆయనకి? ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పాడు. చెప్పి ఉంటే నన్నెవడైనా ఇలా వెర్రిదాన్ని చెయ్యగలిగేవాడా?"

"మా అన్నయ్యని ఏమీ అనకు."

"అంటాను! నా మొగుడు, అంటాను. ముందు అడగాల్సింది ఆయన్నే. కుర్చీ కూడా వెయ్యలేదు నాకు."

"నువ్వు అడిగావా?"

"అడగాలా? భార్య కుర్చీ అడగాలా?"

పాట నడుస్తుండగా ఇద్దరూ అరుచుకున్నారు. పాట వాళ్ళిద్దరికంటే గట్టిగా ఉంది, అందుకని ఇంకా అరిచారు. చివరికి సైరన్ నేల మీద చతికిలబడి, "నాకూ చెప్పలేదులే వదినా. నేర్పమని ఒకసారి అడిగా. నీ గొంతుకి ఏ స్పీకరూ సరిపోదే, నువ్వు ఊరికే మాట్లాడు అన్నాడు" అంది.

మేడమ్‌కు నవ్వొచ్చింది. కోపం తగ్గకుండానే వచ్చింది. పక్కనే కూర్చుంది, ఇద్దరూ ఆ రికార్డు చివరిదాకా విన్నారు.

తర్వాత ఆదివారాలు సైరన్ రావడం అలవాటైంది. దుకాణం ఆవిడ ఒకసారి రికార్డులు పట్టుకుని వచ్చింది. లాయరుగారు కారు నేర్చుకోవడం ఎప్పటికి పూర్తిచేస్తాడో తెలియదు గానీ, పాటలకు మాత్రం భార్యతో సహా వచ్చాడు. కళ్ళజోళ్ళాయన చాలాసార్లు ఫోన్ చేశాడు, మేడమ్ ఎత్తలేదు. భార్యతో కబురు పంపాడు: పొరపాటైంది, వచ్చి ఒక్కసారి విని వెళ్ళిపోతాను, అంతే. "మీరు ఎప్పుడైనా రండి. ఆయన్ని మాత్రం తీసుకురావద్దు" అని ఆవిడకి చెప్పింది.

ఒక ఆదివారం పాట సగంలో ఉండగా సైరన్ కిటికీ దగ్గర నుంచి పిలిచింది.

"వదినా, ఇటు చూడు."

ఎదురు వరసలో అతని కారు ఆగి ఉంది. ఎండ నేరుగా దాని మీదే ఉంది. అద్దం పూర్తిగా దించుకుని, చెయ్యి బయట పెట్టుకుని, తల వెనక్కి ఆనించి కూర్చున్నాడు. ఇటు చూడటం లేదు. వింటున్నాడు.

"పాపం, ఎండలో కూర్చున్నాడు. పిలుద్దామా?" సైరన్ గొంతు తగ్గించి అడిగింది, ఆమె గొంతుకి వీలైనంత.

మేడమ్ కాసేపు చూసింది. వీధిలోకి పాట బాగానే పోతోంది, ఎనిమిది వాట్లకి ఆ మాత్రం దూరం ఒక లెక్క కాదు.

"వద్దు" అంది. కిటికీ రెక్కలు రెండూ లాగి మూసి, గడియ పెట్టింది.

రికార్డు రెండో వైపు తిప్పడానికి లేచినప్పుడు కూడా ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.